లోతు తక్కువ నీటిలో సొరచేపలు: ఈతగాళ్ళు, డైవర్లు పాటించవలసిన జాగ్రత్తలు

మునిర్కా (న్యూఢిల్లీ): దేశ రాజధానికి సముద్రం సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉంది. అయినా సెలవులు రాగానే ఇక్కడి నుండి గోవా, అండమాన్, లక్షద్వీప్, విశాఖపట్నం తీరాలకు బయలుదేరే యువత సంఖ్య తక్కువేమీ కాదు. జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఆనుకుని ఉన్న మునిర్కా ప్రాంతంలో అద్దె గదుల్లో ఉంటూ చదువుకునే తెలుగు విద్యార్థులూ వీరిలో ఉంటారు. వీరిలో చాలామందికి ఈత కొలనులో అబ్బిన విద్య. కొలనులో నీరు కదలదు, అడుగు కనిపిస్తుంది, మరో ప్రాణి ఉండదు. సముద్రంలో ఈ మూడింటిలో ఏదీ నిజం కాదు.

సముద్రంలో దిగేవారిని ముందుగా వేధించే భయం సొరచేప. ఈ భయం పూర్తిగా నిరాధారం కాదు. అయితే దాని పరిమాణం వాస్తవానికి అనేక రెట్లు ఎక్కువ. సొరచేప కాట్లు అత్యంత అరుదు. జరిగినవాటిలో అనేకం గుర్తించదగిన పరిస్థితుల్లోనే జరిగాయి. ఆ పరిస్థితులు ఏవో తెలుసుకుని వాటికి దూరంగా ఉండటమే అప్రమత్తత. అదే సమయంలో, సొరచేపకు భయపడుతూ దానికన్నా ఎన్నో రెట్లు ప్రమాదకరమైన సముద్ర ప్రవాహాన్ని విస్మరించడం తగదు.

ప్రమాదం ఎంత?

ప్రపంచవ్యాప్తంగా సొరచేప కాట్ల వివరాలను అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్లోరిడా సహజ చరిత్ర మ్యూజియం నమోదు చేస్తోంది. 1958లో ఆరంభమైన ఈ అంతర్జాతీయ సొరచేప దాడుల దస్త్రం ప్రతి ఘటనను పరిశీలించి రెండు వర్గాలుగా విభజిస్తుంది. మనిషి సొరచేపను తాకడం, ఆహారం పెట్టడం, ఈటెతో వేటాడటం, వల నుండి విడిపించడం వంటి పనులు చేస్తుండగా జరిగిన కాట్లు ‘రెచ్చగొట్టిన’ వర్గంలోకి వస్తాయి. మనిషి వైపు నుండి ఏ ప్రేరణా లేకుండా జరిగినవి ‘రెచ్చగొట్టని’ కాట్లు.

ఈ దస్త్రం ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద రెచ్చగొట్టని కాట్లు 69 నమోదు కాగా, వాటిలో 10 మంది మరణించారు. 2024లో ఈ సంఖ్య 47కు తగ్గింది, మరణాలు 4. ఏటా కోట్లాది మంది సముద్రంలో దిగుతున్నారన్నది దృష్టిలో ఉంచుకుంటే ఈ సంఖ్యల స్వల్పత బోధపడుతుంది. పోలిక కోసం, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో నీట మునిగి మరణించినవారు సుమారు 3 లక్షల మంది. మన దేశంలోనే ఏటా 30 వేలకు పైగా ప్రాణాలు నీటిలో పోతున్నాయి.

సొరచేపల్లో 500కు పైగా జాతులు ఉన్నాయి. వీటిలో అత్యధికం మనిషికి ఏ హానీ చేయలేనివి. ప్రాణాంతక ఘటనల్లో ప్రధానంగా కనిపించేవి మూడు జాతులే: గ్రేట్ వైట్, టైగర్, బుల్ షార్క్. గ్రేట్ వైట్ ప్రధానంగా చల్లని, సమశీతోష్ణ జలాల్లో తిరుగుతుంది. హిందూ మహాసముద్రపు వెచ్చని జలాల్లో తిరిగేవారు ముఖ్యంగా గుర్తుంచుకోవలసినవి టైగర్, బుల్ షార్క్ జాతులు.

తెలుగు తీరానికి సొర కొత్త కాదు

సొరచేపలతో తెలుగువారి పరిచయం పాతది. స్కాట్లండ్‌కు చెందిన వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ 18వ శతాబ్దం చివరి దశకాల్లో విశాఖపట్నంలో ఉండి అక్కడి చేపలను పరిశీలించాడు. రెండు వందల చేపల వర్ణనలతో 1803లో లండన్‌లో వెలువడిన ఆయన గ్రంథంలో చేపలను జాలరులు పిలిచే పేర్లతోనే నమోదు చేశాడు. కోరమాండల్ తీరపు ‘సొర’ అన్న మాట ఆ తరువాత శాస్త్రీయ నామాల్లోకి కూడా చేరింది. తోక కింది భాగాన నల్లటి మచ్చ ఉండే ఒక సొర జాతిని నేటికీ ‘కార్కరైనస్ సొర్రా’ అని వ్యవహరిస్తారు.

ఆంధ్రప్రదేశ్ తీరంలో వలకు చిక్కేవాటిలో పాలసొర వంటి చిన్న జాతులు ఎక్కువ. సుత్తి ఆకారపు తల గల కొమ్ముసొర కూడా ఈ జలాల్లో ఉంది. బాలింతలకు పాలు పడతాయన్న నమ్మకంతో పాలసొర వండిపెట్టడం కోస్తా జిల్లాల్లో వాడుక. సొరపిట్టు అనేక ఇళ్ళలో పరిచితమైన వంటకం. ఈ తీరంలో సొరచేప మనిషిని కరిచిన సందర్భాల కన్నా మనిషి సొరచేపను తిన్న సందర్భాలే లెక్కకు మిక్కిలి.

ఈ జలాల్లోకి వచ్చే అతిపెద్ద చేప తిమింగల సొర. ప్రపంచంలోనే అన్ని చేపల కంటే పెద్దదైన ఈ ప్రాణి ప్లవకాలను, చిన్న చేపలను నీటితో పాటు వడపోసుకుని తింటుంది. మనిషికి హాని చేయదు. 2021 డిసెంబరులో విశాఖ సమీపంలోని తంతడి తీరానికి కొట్టుకువచ్చిన తిమింగల సొరను అటవీ శాఖ సిబ్బంది, మత్స్యకారులు కలిసి తిరిగి సముద్రంలోకి చేర్చారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001 నుండి ఈ జాతికి రక్షణ ఉంది. డైవింగ్‌లో ఎదురైనప్పుడు దానిని తాకడం గానీ, దానిపై ఎక్కే ప్రయత్నం గానీ చేయరాదు. దాని తోక దెబ్బ తగిలితే గాయపడే అవకాశం ఉంది.

లోతు తక్కువ నీటిలోకి ఎందుకు వస్తాయి?

నడుము లోతు నీటిలో ప్రమాదం ఉండదన్నది విస్తృతంగా ఉన్న అపోహ. సొరచేప తీరానికి వచ్చేది మనిషి కోసం కాదు, ఆహారం కోసం. చిన్న చేపల గుంపులు తీరం వెంబడి, ఇసుక మేటల నడుమ, నదీ ముఖద్వారాల్లో, పగడపు దిబ్బల అంచుల్లో చేరుతాయి. వాటిని వెంబడించే సొరచేపలు కూడా అక్కడికే వస్తాయి. పలు జాతుల సొరలు పిల్లలను ఈనేందుకు కూడా ప్రశాంతమైన తీరప్రాంతాన్నే ఎంచుకుంటాయి.

రెండు ఇసుక మేటల మధ్య ఉండే కాలువ వంటి లోతైన భాగం విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. ఆటు సమయంలో నీరు తగ్గినప్పుడు చేపలు, వాటి వెంట సొరలు ఆ భాగంలో నిలిచిపోవచ్చు. పగడపు దిబ్బ హఠాత్తుగా లోతుకు దిగిపోయే అంచు కూడా అటువంటిదే.

సొరచేపకు వాసన, వినికిడి చురుకైనవి. నీటిలోని ప్రకంపనలను ఒంటి పక్కన ఉండే పార్శ్వరేఖ ద్వారా పసిగడుతుంది. ముక్కు చుట్టూ ఉండే సూక్ష్మ రంధ్రాల ద్వారా ఇతర ప్రాణుల శరీరం నుండి వెలువడే స్వల్ప విద్యుత్ సంకేతాలను సైతం గుర్తించగలదు. అయితే బురద నీటిలో, అలల నురగలో దాని చూపు సరిగా పనిచేయదు. అటువంటి చోట నీటిని కొడుతున్న పాదం, మెరిసే పట్టీ లేదా ఉంగరం దానికి చేప కదలికలాగా తోచవచ్చు. తీరప్రాంతంలో జరిగే కాట్లలో అధికభాగం ఈ కోవకు చెందినవేనని పరిశోధకుల అభిప్రాయం. సొర ఒకసారి కొరికి, తాను ఆశించిన ఆహారం కాదని గ్రహించి వదలి వెళ్ళిపోతుంది. అమెరికాలో తెలుగువారు గణనీయంగా నివసించే రాష్ట్రాల్లో ఒకటైన ఫ్లోరిడాలో, వొలూసియా కౌంటీ తీరాన ఏటా నమోదయ్యే కాట్లు చాలావరకు ఇటువంటివే. అలలు విరిగే చోట, చిన్న సొరల వల్ల, ఎక్కువగా కాళ్ళకు, పాదాలకు తగిలే గాయాలు అవి. 2024లో ఫ్లోరిడాలో 14 కాట్లు నమోదు కాగా 8 ఈ ఒక్క కౌంటీలోనివే.

నదిలోకి వచ్చే సొర

ఉప్పునీటికే పరిమితం కాని జాతి బుల్ షార్క్. దేహంలోని లవణ సమతుల్యతను మార్చుకునే శక్తి ఉండటం వల్ల ఇది మంచినీటిలోనూ జీవించగలదు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదిలో సముద్రానికి 3,500 కిలోమీటర్లకు పైగా ఎగువన కూడా దీనిని గుర్తించారు. గంగా ముఖద్వార ప్రాంతంలో పూర్వం జరిగిన దాడులను అక్కడి అరుదైన గంగా సొరకు ఆపాదించేవారు. వాటిలో అనేకం బుల్ షార్క్ పనే అయి ఉండవచ్చునని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. గంగా సొర నేడు అంతరించే దశకు అతి చేరువలో ఉంది.

నదిలో సొర దాడి మన దేశంలో ఇటీవల కూడా జరిగింది. 2024 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లా మనోర్ సమీపంలో, సముద్రపు పోటు చేరే వైతరణా నదిలో దిగిన ఒక యువకుని కాలిని సొరచేప తీవ్రంగా గాయపరిచింది. అది బుల్ షార్క్ అని అప్పటి వార్తలు పేర్కొన్నాయి. పోటు నీరు ఎక్కే నదుల్లో, ఉప్పుటేరుల్లో మబ్బు నీటిలో దిగేవారు ఈ ఘటనను గుర్తుంచుకోవాలి.

గత ఘటనలు నేర్పిన పాఠాలు

1916 జూలై 1 నుండి 12 వరకు అమెరికాలోని న్యూజెర్సీ తీరంలో వరుస దాడుల్లో నలుగురు మరణించారు, ఒకరు గాయపడ్డారు. వీరిలో ఇద్దరు మరణించింది సముద్రంలో కాదు. మెటావాన్ అనే చిన్న వాగులో. వాగులో సొర కనిపించిందన్న హెచ్చరికను అక్కడివారు నమ్మలేదు. హెచ్చరికను కొట్టిపారేయరాదన్నది ఆ ఘటన నేర్పిన మొదటి పాఠం.

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు తెలుగువారితో 1860 నాటి ఒప్పంద కూలీల కాలం నుండి సంబంధం ఉంది. ఆ నగర తీరంలో 1943–1951 మధ్య 7 ప్రాణాంతక దాడులు జరిగాయి. 1952లో స్నాన తీరాల ముందు వలలు కట్టిన తరువాత అక్కడ ప్రాణాంతక దాడి నమోదు కాలేదు. 1957 డిసెంబరు నుండి 1958 ఏప్రిల్ వరకు అదే రాష్ట్రపు దక్షిణ తీరంలో, రక్షణ లేని చోట్ల, 9 దాడుల్లో 6 మంది మరణించారు. ఆ పరిణామాల నేపథ్యంలో 1964లో ప్రత్యేక సంస్థ ఏర్పడింది. అయితే వలలు మనుషులను కాపాడే క్రమంలో తాబేళ్ళను, డాల్ఫిన్లను, హాని చేయని సొరలను కూడా చంపుతున్నాయన్న విమర్శ ఉంది. వల సంపూర్ణమైన గోడ కూడా కాదు. దాని చుట్టూ, అడుగునా ఖాళీ ఉంటుంది.

2010లో ఈజిప్టులోని షర్మ్ అల్ షేక్ విహార తీరంలో వారం రోజుల వ్యవధిలో ఐదుగురు పర్యాటకులపై దాడులు జరగగా ఒకరు మరణించారు. చేపలకు ఆహారం వేయడం, నౌకల నుండి పశువుల కళేబరాలను నీటిలో పడవేయడం వంటివి కారణాలుగా చర్చకు వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్‌లోని హదేరా తీరంలో ఒక వ్యక్తి సొరల దాడిలో మరణించాడు. అక్కడి విద్యుత్ కేంద్రం నుండి వెలువడే వెచ్చని నీటి వద్దకు ఏటా సొరలు చేరుతాయి. వాటిని చూసేందుకు జనం దగ్గరకు వెళ్ళడం, ఆహారం వేయడం అలవాటుగా మారింది. మనిషిని చూస్తే ఆహారం గుర్తుకు వచ్చేలా వన్యప్రాణికి అలవాటు చేయడం ఎంతటి ముప్పో ఈ రెండు ఘటనలు చెబుతున్నాయి.

నీటిలో దిగే ముందు

ఒడ్డున రెండు నిమిషాలు నిలబడి సముద్రాన్ని పరిశీలించడం మొదటి జాగ్రత్త. ఈ కింది సందర్భాల్లో నీటిలో దిగకపోవడం మంచిది:

• తెల్లవారుజామున, సంధ్యవేళ, రాత్రి. సొరలు చురుకుగా వేటాడే సమయాలివి.

• నీరు బురదగా, మబ్బుగా ఉన్నప్పుడు. భారీ వర్షాల తరువాత, వరద నీరు సముద్రంలో కలిసే రోజుల్లో నదీ ముఖద్వారాలకు దూరంగా ఉండాలి. వర్షాకాలంలో గోదావరి, కృష్ణా నదుల ఒండ్రు నీరు తీరం వెంబడి చాలా దూరం వరకు వ్యాపిస్తుంది.

• పక్షులు గుంపుగా నీటిలోకి దూకుతున్నప్పుడు, చిన్న చేపలు నీటిపైకి ఎగురుతున్నప్పుడు. కింద వేట జరుగుతోందనడానికి ఇవి సూచనలు.

• సమీపంలో వలలు లాగుతున్నప్పుడు, గాలం వేస్తున్నప్పుడు, చేపలు కోసి వ్యర్థాలను నీటిలో పడవేస్తున్నప్పుడు. చేపల రేవులు, జెట్టీల పక్కన ఈత తగదు.

• ఒంటిపై రక్తం కారే గాయం ఉన్నప్పుడు.

మెరిసే నగలు, గొలుసులు, చేతి గడియారాలు తీసివేయాలి. ముదురు, లేత రంగులు పక్కపక్కన కొట్టొచ్చినట్లు కనిపించే దుస్తులు ధరించరాదు. మద్యం సేవించి నీటిలో దిగడం ఏ కారణంగానూ సమర్థనీయం కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, స్థానిక జాలరులను, గజ ఈతగాళ్ళను అడగాలి. ఆ తీరంలో ఏ కాలంలో ఏమి తిరుగుతుందో వారికి తెలిసినంతగా ఏ మార్గదర్శక పుస్తకానికీ తెలియదు.

ఈదుతున్నప్పుడు

ఒంటరిగా వెళ్ళరాదు. గుంపుగా ఉన్నవారి జోలికి సొర వచ్చే అవకాశం తక్కువ. ప్రమాదం జరిగితే సాయం కూడా వెంటనే అందుతుంది. ఒడ్డుకు మరీ దూరం పోరాదు. నీటిని అనవసరంగా తన్నడం, చిందులు వేయడం తగ్గించాలి. పెంపుడు కుక్కను వెంట తీసుకుని ఈదరాదు. దాని అస్తవ్యస్తమైన కదలికలు సొరను ఆకర్షించవచ్చు. చేపలు ఒక్కసారిగా చెదరిపోతే, లేదా ఒకే వైపు పరుగెడితే, కారణం వెతుకుతూ నిలబడకుండా ఒడ్డు చేరాలి. డాల్ఫిన్లు కనిపించాయి గనుక సొరలు ఉండవన్నది నిజం కాదు. రెండింటి ఆహారం ఒకటే అయినప్పుడు రెండూ ఒకే చోటికి వస్తాయి.

ఇసుక నేలపై నడిచేటప్పుడు పాదాలను ఎత్తి వేయకుండా నేలకు రాస్తూ కదపాలి. అడుగున దాగిన టేకు చేప ఆ అలికిడికి తప్పుకుంటుంది. లోతు తక్కువ నీటిలో సొర కాటు కంటే టేకు ముల్లు గుచ్చుకునే అవకాశమే ఎక్కువ.

స్నార్కెలింగ్, స్కూబా డైవింగ్

డైవర్లు సొరచేపను చూసే అవకాశం ఎక్కువ. కాటుకు గురయ్యే అవకాశం మాత్రం ఉపరితలంపై ఈదేవారికన్నా తక్కువ. నీటి కింద ఉన్నవారు సొరను చూడగలరు, సొర కూడా వారిని స్పష్టంగా చూడగలదు. పరస్పరం కనిపించినప్పుడు పొరపాటుకు తావు తగ్గుతుంది. ఉపరితలంపై కిందికి చూడకుండా కాళ్ళు తన్నేవారి పరిస్థితి అందుకు భిన్నం. అందువల్ల డైవింగ్ ముగిశాక పడవ కోసం ఉపరితలంపై ఎక్కువసేపు తేలుతూ ఉండరాదు. ఎదురుచూడక తప్పనప్పుడు అందరూ దగ్గరగా చేరి, కొందరు నీటి కిందికి చూస్తూ ఉండాలి.

డైవింగ్‌కు ముందు బృంద నాయకుడు ఇచ్చే సూచనలను శ్రద్ధగా వినాలి. అరచేతిని నిలువుగా నుదుటిపై రెక్కలా ఉంచడం ‘సొరచేప ఉంది’ అని తెలిపే సంకేతం. బృందం నుండి విడిపోరాదు. పగడపు దిబ్బల కింద విశ్రమించే నర్సు సొర వంటివి సాధువుగా కనిపించినా వాటి తోక పట్టుకోవడం, గుహ నుండి బయటికి తరమడం చేయరాదు. రెచ్చగొట్టిన కాట్లలో ఇటువంటివే ఎక్కువ. ఈటెతో వేటాడిన చేపను నడుముకు కట్టుకుని ఈదడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఆహారం వేసి సొరలను రప్పిస్తామని చెప్పే నిర్వాహకులకు దూరంగా ఉండటం శ్రేయస్కరం.

సొర దేహభాషను గమనించడం డైవర్‌కు అవసరం. నిలకడగా, నిదానంగా ఈదే సొర సాధారణంగా కుతూహలంతో వచ్చి వెళ్ళిపోతుంది. వీపును విల్లులా వంచి, పక్క రెక్కలను కిందికి దించి, మెలికలు తిరుగుతూ ఈదడం హెచ్చరిక. పగడపు దిబ్బల్లో తిరిగే గ్రే రీఫ్ షార్క్‌లో ఈ ప్రవర్తనను శాస్త్రవేత్తలు 1970వ దశకంలోనే వివరించారు. దానికి దారి ఇచ్చి నెమ్మదిగా వెనుదిరగాలి. కెమెరాతో వెంబడించడం, దాని దారికి అడ్డు నిలవడం, దిబ్బకు అదిమినట్లు చుట్టుముట్టడం దాడికి ఆహ్వానం.

అండమాన్ వెళ్ళేవారికి మరొక హెచ్చరిక. 2011 జనగణన ప్రకారం ఆ ద్వీపాల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర నుండి బంధుమిత్రుల రాకపోకలూ ఎక్కువే. అక్కడి మడ అడవుల కాలువల్లో, కొన్ని తీరాల్లో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి. 2010లో హేవ్‌లాక్ ద్వీపంలో స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించింది. మొసళ్ళ హెచ్చరిక ఫలకం ఉన్న చోట నీటి అంచుకు కూడా వెళ్ళరాదు.

సొర ఎదురైతే

మొదటి నియమం, పరుగు వద్దు. గాభరాగా నీటిని కొట్టుకుంటూ పారిపోవడం గాయపడిన చేప కదలికను పోలి ఉంటుంది. సొర వైపు తిరిగి, దానిపై నుండి చూపు మరల్చకుండా, నిదానంగా ఒడ్డు వైపు లేదా పడవ వైపు జరగాలి. డైవర్లు పగడపు దిబ్బకు వీపు ఆనించి నిలిస్తే వెనుక నుండి వచ్చే అవకాశం ఉండదు. కెమెరా, ఈత పలక, చేతిలోని ఏ వస్తువునైనా తనకూ సొరకూ మధ్య ఉంచాలి.

సొర దాడికి దిగితే నిశ్చలంగా ఉండరాదు, గట్టిగా ప్రతిఘటించాలి. చేతిలోని వస్తువుతో ముక్కుపై బలంగా కొట్టాలి. కొరికి పట్టుకున్న పక్షంలో కళ్ళను, తల పక్కన ఉండే మొప్పల చీలికలను గీరాలి, గుద్దాలి. అవి దాని సున్నితమైన భాగాలు. పట్టు సడలిన క్షణంలోనే నీటి నుండి బయటపడాలి; మొదటి దెబ్బకు తప్పుకున్న సొర మళ్ళీ రావచ్చు.

మొదటి నిమిషాలే ప్రాణాధారం

సొర కాటులో మరణానికి ప్రధాన కారణం రక్తస్రావం. తొడలోని పెద్ద రక్తనాళం తెగితే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. అంబులెన్సు వచ్చేదాకా ఆగితే ఆలస్యమవుతుంది. పక్కన ఉన్నవారు చేసే పనే ప్రాణాన్ని నిలబెడుతుంది.

బాధితుని నీటి నుండి బయటికి తెచ్చి, అలలు తాకని చోట పడుకోబెట్టాలి. గాయంపై శుభ్రమైన గుడ్డ ఉంచి, శరీర బరువంతా మోపి అదమాలి. గుడ్డ తడిసినా తీయకుండా దానిపైనే మరొకటి వేయాలి. చేయి లేదా కాలి నుండి రక్తం ఆగకుండా ఉబుకుతుంటే గాయానికి 5 నుండి 8 సెంటీమీటర్ల పైన, కీలుపై పడకుండా, బిగుతు కట్టు వేయాలి. ఇందుకు తువ్వాలు, చున్నీ వంటి వెడల్పైన గుడ్డను వాడి, మధ్యలో కర్ర దూర్చి మెలితిప్పాలి. సన్నటి తాడు, తీగ వాడరాదు. కట్టిన సమయాన్ని గుర్తుంచుకుని వైద్యులకు చెప్పాలి. ఆసుపత్రి చేరేవరకు దానిని వదులు చేయరాదు. కాలికి గాయమై కట్టుకు ఏదీ దొరకనప్పుడు తొడ, పొత్తికడుపు కలిసే గజ్జ మధ్యభాగంలో పిడికిలితో బలంగా అదిమి ఉంచడం వల్ల కూడా రక్తప్రవాహం తగ్గుతుందని ఆస్ట్రేలియా వైద్య పరిశోధకులు నిరూపించారు.

డైవింగ్ దుస్తులు ధరించి ఉంటే వాటిని విప్పే ప్రయత్నం చేయరాదు. అవి కూడా గాయాన్ని అదిమి ఉంచుతాయి. బాధితుని పొడి గుడ్డలతో కప్పి వెచ్చగా ఉంచాలి. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వరాదు. గాయం చిన్నదిగా కనిపించినా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. సముద్రపు నీటిలోని, సొర పళ్ళపైని సూక్ష్మజీవుల వల్ల చీము పట్టే ప్రమాదం ఉంటుంది. ధనుర్వాత నివారణ టీకా అవసరమా అన్నది వైద్యులు నిర్ణయిస్తారు.

అత్యవసర సేవలకు దేశమంతటా 112కు, అంబులెన్సుకు 108కు ఫోన్ చేయవచ్చు. సముద్రంలో చిక్కుకున్నవారిని కాపాడేందుకు భారత తీర రక్షక దళం నెంబరు 1554.

అసలు ముప్పు ప్రవాహమే

ఇటీవలి పునఃకొలతల ప్రకారం ఆంధ్రప్రదేశ్ తీరరేఖ వెయ్యి కిలోమీటర్లకు పైబడినది. ఈ తీరంలో విశాఖ ఆర్.కె. బీచ్, యారాడ, బాపట్ల సూర్యలంక, చీరాల సమీపంలోని రామాపురం వంటి చోట్ల సరదాగా దిగి ప్రాణాలు కోల్పోయినవారి వార్తలు తరచూ వస్తూనే ఉన్నాయి. వారిని బలిగొన్నది సొర కాదు. ఒడ్డుకు వచ్చిన అలల నీరు తిరిగి సముద్రంలోకి ఇరుకైన దారిలో వేగంగా పోయే ప్రవాహం, రిప్ కరెంట్‌గా పిలిచేది, నడుము లోతులో ఉన్నవారిని సైతం లోపలికి ఈడ్చుకుపోతుంది.

ఈ ప్రవాహాన్ని ఒడ్డు నుండే గుర్తించవచ్చు. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో మాత్రం నీరు ప్రశాంతంగా, ముదురు రంగులో ఉంటే, నురగ లోపలికి కొట్టుకుపోతుంటే అది ప్రమాదకర స్థలం. ఈత అంతగా రానివారు ఎంచుకునేది ఆ ప్రశాంతమైన చోటునే కావడం విషాదం. అందులో చిక్కినవారు ఒడ్డుకు ఎదురీదరాదు. తేలుతూ ఊపిరి నిలుపుకుని, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం దాటాక ఒడ్డుకు మళ్ళాలి. అది సాధ్యం కాకపోతే తేలుతూనే చేయి ఎత్తి సాయం కోరాలి. మునిగిపోతున్నవారి కోసం ఈత రానివారు దూకడం మరో ప్రాణాన్ని పణంగా పెట్టడమే. ఖాళీ నీళ్ళ డబ్బా, తాడు, తేలే వస్తువు ఏదైనా విసరాలి.

హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్, ఎత్తైన అలలు, ఉప్పెనలాంటి పొంగు అలలపై ముందస్తు హెచ్చరికలు జారీ చేస్తుంది. తీరానికి బయలుదేరేముందు ఆ హెచ్చరికలను చూసుకోవడం, ఎర్ర జెండా ఎగురుతున్నప్పుడు నీటిలో దిగకపోవడం, గజ ఈతగాళ్ళు ఉన్న చోటనే ఈదడం అనే మూడు అలవాట్లు సొర నుండీ ప్రవాహం నుండీ ఏకకాలంలో రక్షణ ఇస్తాయి.

భయం కాదు, వివేకం

సొరచేప మనిషికి కలిగించే నష్టంతో పోలిస్తే మనిషి వల్ల సొరకు కలుగుతున్న నష్టం అపారం. బహిరంగ సముద్రాల్లో తిరిగే సొరలు, టేకు చేపల సంఖ్య 1970 నుండి 71 శాతం తగ్గిందని 2021లో ప్రచురితమైన అంతర్జాతీయ అధ్యయనం వెల్లడించింది. సొరల రెక్కలను మాత్రమే కోసుకుని దేహాన్ని సముద్రంలో వదలివేసే పద్ధతిని భారత ప్రభుత్వం 2013లో నిషేధించింది. 2015లో రెక్కల ఎగుమతిపైనా నిషేధం విధించింది. వేటాడే ప్రాణి తగ్గిన సముద్రంలో మిగిలిన చేపల సమతుల్యత దెబ్బతింటుంది. దాని ప్రభావం చివరకు జాలరి వలపైనే పడుతుంది.

కాబట్టి తీరంలో సొర కనిపించిందన్న వార్త దాన్ని చంపాలన్న పిలుపు కారాదు. ఆ పూట నీటిలో దిగకుండా ఉండటం, గజ ఈతగాళ్ళకు, మెరైన్ పోలీసులకు తెలియజేయడం చాలు. చిక్కిన, కొట్టుకువచ్చిన సొరల విషయం అటవీ శాఖకు తెలపాలి. సముద్రం సొరచేప నివాసం. అక్కడికి అతిథిగా వెళ్ళే మనిషి వేళ, నీటి రంగు, చేపల కదలిక, జెండా అనే నాలుగింటిని గమనిస్తే దాదాపు అన్ని సందర్భాల్లోనూ క్షేమంగా ఒడ్డు చేరగలడు.